కాయిదం మీద ఏమీ కాని మనిషి

మాట్లాడకు మాట్లాడకు అంటే వినవేందే! మొఖం మీది ప్యాక్ పగుల్తది. పగిలితే మల్ల మొదటికెల్లి పెట్టాలె, నాకు ఓపిక లేదు. నోరు మూసుకొని పండుకో యమునా. కండ్లు గూడ మూసుకో. నేను చెప్తాన, నువ్వు విను.

ఆ, నీ ఫైలు చూసిన. బస్సు దిగి వచ్చి ఇట్ల సంచిలకెల్లి తీసి టేబుల్ మీద పెట్టినవ్ గదా, ఆ గులాబి రంగు దూరంకెల్లే గుర్తువట్టిన. అసొంటిదే నా బీరువల గూడ ఒకటున్నది. చీరెల కింద.

మిరామెల్ బ్యూటీ స్టూడియో! మరిపెడ దాంక వచ్చిండ్లా? వస్తరు, రాక ఏం జేస్తరు. రోడ్డు మీద ఊరాయె, పొద్దుమూకులు బండ్లు ఆగుతయ్, పెండ్లిండ్లు అయితయ్. వాళ్లకేం తెల్వదా?

నా దగ్గర కనుబొమ్మలకు దారం పట్టుడు నేర్చుకొని, ఇంటి ముందరి అర్రల ఒక్క కుర్చీ ఏసుకున్న పిల్లవు. ఇయ్యాల ఫ్రాంచైజీ తీసుకుంటానంటే నాకు సంతోషం గాదా? మస్తు సంతోషం. కానీ "రేపే సంతకం అక్కా" అన్నవ్ చూడు, అక్కడ నాకు భయమైంది. అందుకే కూసోబెట్టి మొఖానికి ప్యాక్ ఏసిన. లేకుంటే చెప్పనియ్యవ్. నడుమల నడుమల "అది గాదక్కా, అది గాదక్కా" అనుకుంట నా మాట తెంపుతవ్.

నాతోని పనిచేసే ఫౌజియా ఇప్పుడు లేదు. కాజీపేటల పెండ్లిపిల్లకు మెహందీ పెట్టవోయింది. ఆమె లేదు గనకనే ఇంత తీరుబడిగ చెప్తాన.

నాకు ఎట్ల మొదలైందో ఎరుకేనా? "మేడం" అనే ఒక్క మాటతోని మొదలైంది.

ఎనుమాముల మిర్చి మార్కెట్ రోడ్డుల నా పార్లర్ నీకెరుకనే. "సుభాషిణి లేడీస్ బ్యూటీ పార్లర్" అని బోర్డు. సేట్ల ఇండ్లల్లకెల్లి వచ్చేటోళ్లు, మిర్చి ఏరి ఏరి మొఖం మంటలేసి వచ్చేటోళ్లు, అందరు నన్ను అక్కా అనో, పిన్నీ అనో, లేకుంటె ఓ సుభాషిణీ అనో పిల్సుడే. మేడం అన్నోళ్లెవరు? ఎవ్వరు లేరు.

అప్పుడొచ్చిండు చైతన్య అని ఒక పోరడు. కంపెనీ మేనేజర్. టై కట్టుకున్నడు. మిర్చి సీజనాయె, లోపలికి వచ్చుడే తుమ్ముకుంట వచ్చిండు. తుమ్ముకుంట తుమ్ముకుంటనే, "మేడం, మీ చేతిల కళ ఉన్నది. మా చేతిల బ్రాండ్ ఉన్నది. రెండు కలిస్తే వరంగల్ మొత్తం మీదే!" అన్నడు.

వరంగల్ మొత్తం మీదే అంట! నేను వరంగల్ మొత్తాన్ని ఒక్కపారి మనసుల చూసుకున్న. హన్మకొండ గూడ కలుపుకున్న.

మా ఆయన ఆర్టీసీల డ్రైవర్ గదా, లోకమంత తిరిగిన మనిషి, ఆయనకు తెల్వంది ఉండదని ఫైలు ఆయన చేతిల పెట్టిన. కాయిదాన్ని వేళ్ల నడుమ పట్టి చూసిండు. మందంగ, నున్నగ, మెరుస్తాంది. "ఇంత మంచి కాయిదం మీద ఎవడన్న మోసం రాస్తడానే?" అన్నడు.

నవ్వకు! పగుల్తది.

మోసం రాయలే యమునా. అదే నేను నీకు చెప్పేది. అండ్ల ఒక్క అబద్ధం గూడ లేదు. అన్నీ సక్కగ, నంబర్లు ఏసి రాసిండ్లు. హైదరాబాద్ల పెద్ద హోటల్ల మెడల దండ ఏసి, పూల గుత్తి చేతికిచ్చి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని ఏలు పెట్టి చూపించిండ్లు. దండ ఏసుకొని ఫైలు ఎవరన్న చదువుతరా చెప్పు. ఫోటో దిక్కు చూస్తరు.

ఇగ షాపు మారిపాయె. గోడలు గులాబి. నా బోర్డు దిగిపాయె. గంటకోపారి లావెండర్ వాసన పిచికారి కొట్టాలె అని రూలు. ఎనుమాములల మిర్చి ఘాటు, లోపల లావెండర్. రెండు కలిస్తే ఏమైతదో నీకు తెల్వదు. కస్టమర్ తుమ్ముతాంది, నేను తుమ్ముతాన, "చిరునవ్వుతో స్వాగతం పలకవలెను" అని పుస్తకంల రాసుంది, తుమ్ముకుంటనే నవ్వుతాన.

ఫౌజియాను "ఫియా" జేసిండ్లు. స్టాఫ్ పేర్లు చిన్నగుండాల్నంట. అంగి మీద ఫియా అని బిళ్ల పెట్టిండ్లు. మండి బజార్ కెల్లి వాళ్లమ్మ ఫాతిమా బేగం టిఫిన్ డబ్బ తెచ్చి "మా ఫౌజియా ఏదీ?" అంటే, కొత్తగ కంపెనీ పంపిన పిల్ల "ఆ పేరు మీద ఎవ్వరు లేరాంటీ" అని ఎనుకకు పంపింది! ఆ పొద్దు ఫౌజియా అన్నం తినలే పాపం. నవ్వుకుంటనే చెప్పింది గని తినలే.

సరే, గివన్నీ చిన్నయే. పెద్దది చెప్త విను.

హన్మకొండల షాపింగ్ మాల్‌ల మిరామెల్ ఇంకోటి తెరిచిండ్లు. నాకు చెప్పకుంట! నేను చైతన్యకు ఫోన్ జేసిన. "వరంగల్ మొత్తం నాదే అంటివి గద బిడ్డా?" అన్న. "మేడం, అగ్రిమెంట్ల మీ ఏరియా అంటే మీ షాపు అడ్రసే మేడం" అన్నడు. "మరి నోటితోని చెప్పింది?" అన్న. ఏమన్నడో ఎరుకేనా? దానికి గూడ ఒక క్లాజు ఉన్నది మేడం, అన్నడు. నోటితోని ఎవ్వలు ఏం చెప్పినా లెక్కకు రాదు, కాయిదం మీద ఉన్నదే లెక్క అని కాయిదం మీదనే రాసుకున్నరు!

గా తెలివికి దండం పెట్టాలె గదా. నిజంగ పెట్టిన, ఫోన్ చేతిల పట్టుకొని.

ఆ, ఆ... రాయల్టీ గురించి అడుగుతానవా చేతులతోని? నీ సైగలు నాకర్థమైతయ్. మరిపెడలనైనా అదే ఉంటది. లాభం మీద గాదు, అమ్మకం మీద. షాపుకు కిరాయి ఎల్లకపోయినా, కరెంటు బిల్లు కట్టకపోయినా, ముందుగాల వాళ్ల పర్సెంటు వాళ్లకు పోవాలె. కట్టిన ఫీజు అయితే ఏ కారణానికైనా తిరిగి రాదు. అది చదివినవా? చదవలే. నీ మొఖం చూస్తేనే తెలుస్తాంది, ఇంత మందం ప్యాక్ కిందికెల్లి గూడ.

ఇప్పుడు శ్రీలత సంగతి చెప్త.

శ్రీలతది నెక్కొండ దిక్కు. నాయిన మార్కెట్‌కు మిర్చి తెచ్చేటాయిన. పెండ్లి పెట్టుకొని గూడ ఆ పిల్ల కల్లంల కూసొని మిర్చి ఏరింది. కూలోళ్లు దొరకలేదంట. ఆ చేతులతోనే చెమట తుడుసుకున్నట్టున్నది, చెంపలు రెండు ఉడికిన టమాటల లెక్కున్నయ్. తెల్లారితె పెండ్లి. నాయిన బ్రైడల్ ప్యాకేజీ కట్టిండు, బిడ్డ సినిమా హీరోయిన్ లెక్క కావాల్నని.

ప్యాకేజీల మొదటిది పీల్. పై తోలు లేపేది. అది మంచి మొఖం మీదనే చురచుర అంటది. ఆ పిల్ల మొఖం మీద పెడితె ఏమైతది చెప్పు?

కంపెనీ పుస్తకంల మాత్రం వరుస తప్పొద్దు. కంపెనీ సామానే వాడాలె, బయటి సామాను షాపులకు రావొద్దు. కంపెనీకి ఫోన్ జేసిన. "పీల్ వద్దనుకుంటే ప్యాకేజీ క్యాన్సిల్ చెయ్యండి మేడం" అన్నరు. పెండ్లిపిల్ల కుర్చీల కూసోని ఏడుస్తాంది, క్యాన్సిల్ అంట!

ఫౌజియాను పెరుగు తెమ్మన్న. శెనగపిండి, పెరుగు, జర గంధం. నా పాత పార్లర్ల మిర్చి మొఖాలకు నేనేసే లేపనం. మెల్లెగ పెట్టిన. ఒక్కపారి ఊపిరి పీల్చుకొని, "అబ్బ... సల్లగున్నదక్కా" అన్నది ఆ పిల్ల. ఆ మాటకు నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయంటె నమ్ము. గులాబి గోడల నడుమ నాకు గుర్తున్న మంచి పొద్దు అదొక్కటే.

పక్క కుర్చీల ఒకామె కాళ్లు నీళ్లల్ల పెట్టుకొని కూసున్నది. పెడిక్యూర్. మస్తు మర్యాదగ నవ్వింది. "ఆ పిండి ఏంటండీ, మంచి వాసనొస్తుంది" అని అడిగింది. నేను గూడ ఖుషీగ, "మన ఇంటిదేనమ్మా" అని చెప్పిన.

ఆమె కంపెనీ మనిషి! కస్టమర్ లెక్క వచ్చి చూసి పోయేటోళ్లుంటరంట. అట్ల వస్తరని గూడ కాయిదంల రాసే ఉన్నది!

ఆగు ఆగు, ఎండింది. కడుగుత, లేవకు. నీళ్లు గోరెచ్చగున్నయా? సరే. ఇప్పుడన్న మాట్లాడుదామనుకుంటానవా? ఇంకా క్రీము రాసేదుంది, తల ఎనకకు ఆనియ్యి.

నోటీసు వచ్చింది. అగ్రిమెంటు రద్దు. నాకు నోటీసు కంటే తెల్లారి తగిలిందే గట్టిగ తగిలింది. ఫోన్ల వాళ్ల యాప్ తెరుస్తె తెరుసుకోలే. నా కస్టమర్ల నంబర్లన్నీ అండ్లనే ఉన్నయ్. నేను బుద్ధిగ పాత నోట్‌బుక్కు లోంచి ఒక్కొక్కటి ఎక్కిచ్చి, నోట్‌బుక్కు పారేసిన. ఇన్నేండ్ల మనుషులు! ఎవరి బిడ్డకు ఎప్పుడు పెండ్లయ్యింది, ఎవరికి ఏ క్రీము పడది, అన్ని నాకు నోటికొస్తయ్ గని నంబర్లు నోటికి రావు గదా. అడిగితె, కస్టమర్లు కంపెనీ కస్టమర్లు మేడం అన్నరు.

సరే తీయ్, పోతె పోయింది, మల్ల నా పాత బోర్డు పెట్టుకుంట అనుకున్న. బోర్డు మంచం కిందనే ఉన్నది. తుడిచిన గూడ.

అప్పుడు చైతన్య ఫోన్ జేసిండు. ఆ పోరడు మంచోడే, వాని నౌకరి వాడు చేస్తాండు. "మేడం, తొందరపడి పార్లర్ పెట్టకండి. అగ్రిమెంటు అయిపోయినంక రెండేండ్ల దాంక మీరు ఈ జిల్లాల బ్యూటీ పని చెయ్యొద్దని ఉన్నది" అన్నడు.

నాకు ఇంకో పని రాదు యమునా! చిన్నప్పటికెల్లి ఇదే పని. బియ్యం అమ్ముకోవాల్నా?

మా ఆయన మీసం మెలేసిండు. "నా పేరు మీద పెడ్త" అన్నడు. ఆర్టీసీ డ్రైవర్ పేరు మీద లేడీస్ పార్లర్! చదివి చూస్తే భర్త పేరు మీద గూడ వద్దని ఉన్నది. మా చెల్లె పేరు మీద పెడ్తమా అంటె, రక్తసంబంధీకులు అని ఉన్నది. అన్న, తమ్ముడు, అక్క, చెల్లె, బిడ్డ, కొడుకు, అందరిని రాసిండ్లు. పెండ్లి శుభలేఖల గూడ అంతమందిని రాయరు.

ఫౌజియా గప్పుడే టీ తెచ్చింది మా ఇంటికి. ఫ్లాస్కుల పోసుకొని మండి బజార్ కెల్లి వచ్చింది పాపం, జీతం లేదు, పని లేదు, నన్ను చూడనీకె వచ్చింది. నేను ఆ లిస్టు చదువుతుంటె విన్నది. కప్పు నా చేతికిచ్చి, "నేను నీకు ఏమైత అక్కా?" అనడిగింది.

"గదేం మాట? నువ్వు నాకు..." అన్న.

"కాయిదం మీద చెప్పు" అన్నది.

నేను చూసిన. చుట్టం గాదు. రక్తం గాదు. అగ్రిమెంట్ల సంతకం లేదు. కంపెనీకి ఆమె ఎవ్వతో ఫియా.

"కాయిదం మీద నేను నీకు ఏం కాను గదా. అయితె నేను పెడ్త" అన్నది.

అంతే. టీ తాగినట్టు అన్నది.

ఇగ భయం పట్టుకొని ఇద్దరం కోర్టు కాడికి పోయినం, సారంగపాణి వకీలు దగ్గరికి. పెద్దమనిషి కండ్లద్దాలు పైకి జరిపి, "సంతకం పెట్టేముందు నా దగ్గరికి ఒక్కరు రారమ్మా, పెట్టినంక మాత్రం లైను కడతరు" అన్నడు. మన దేశంల ఫ్రాంచైజీ అని వేరే చట్టమేం లేదంట. మామూలు కాంట్రాక్టు చట్టమే. నువ్వు దేని మీద సంతకం పెడ్తవో అదే నీ మెడకు చుట్టుకుంటది. కొట్లాట వస్తే తీర్పు వాళ్ల ఆఫీసున్న గుర్గావ్‌ల అని రాసుంది చూడు, రాను పోను రైలు, అక్కడ వకీలు, అక్కడ తిండి, ఎవరు పోతరు? ఎవ్వరు పోరనే రాస్తరు.

ఆయన ఇంకో మాటన్నడు. "పేరు ఈమెది, పెత్తనం నీది అయితె, అది నాటకమమ్మా. దొరుకుతవ్. పెట్టేదుంటే నిజంగ ఆమె షాపే కావాలె" అన్నడు.

సరే అనుకొని నిజంగనే పెట్టినం. కిరాయి కాయిదం ఫౌజియా పేరు మీద. మున్సిపాలిటీ లైసెన్సు ఆమెది. బ్యాంకు ఖాతా ఆమెది. బయట చూసినవ్ గదా బోర్డు, "ఫౌజియా లేడీస్ పార్లర్". మొదటి కస్టమర్ ఫాతిమా బేగం. జిందగిల పార్లర్ మొఖం చూడని మనిషి, కనుబొమ్మ కాడ దారం పెట్టంగనే "యా అల్లా!" అని ఎగిరింది. "జర ఓర్సుకో అమ్మీ, కస్టమర్లు వింటరు" అని ఫౌజియా గదమాయించింది. కస్టమర్లెవరు లేరప్పుడు, మేమే.

నెమ్మది నెమ్మదిగ మిర్చి మొఖాలన్నీ మల్ల వచ్చినయ్. శ్రీలత గూడ వచ్చింది, అత్తను తోలుకొని. ఆ అత్త మొఖం ఇప్పటికీ మెరుస్తాంది.

నేను జీతానికి. అవును మరి, నాటకం కావొద్దు గదా.

కంపెనీ ఊకోలే. ఫౌజియాకు గూడ నోటీసు పంపింది, సుభాషిణికి పని ఇయ్యొద్దని. ఫౌజియా రెండు మూడు పార్లు చదివి, "స్పెల్లింగ్ తప్పు రాసిండ్లక్కా నా పేరు" అన్నది. వకీలు సార్ జవాబు పంపుత అన్నడు, పంపిండు.

ఇగ నీ ఫైలు సంగతి. వద్దంటలేను. ఎందుకంట? బ్రాండ్ పెట్టుకొని బాగుపడ్డోళ్లు ఉన్నరు, నేను చూసిన. కానీ రేపు సంతకం పెట్టకు. ముందుగాల మిరామెల్ పెట్టినోళ్లు ఇద్దర్ని ముగ్గుర్ని కలిసి అడుగు, కంపెనీ చెప్పినోళ్లను గాదు, నువ్వే ఎతుక్కో. ఆ బ్రాండ్ పేరు వాళ్ల పేరు మీద రిజిస్టర్ అయి ఉన్నదా చూడు. మరిపెడ మొత్తం నీదే అంటె, ఆ ముక్క కాయిదం మీద రాయుమను. నీ కస్టమర్ల నంబర్లు నీ దగ్గర గూడ ఒక కాపీ ఉంచుకుంటనని రాయించు. మంటలేసే మొఖం వస్తే నీ బుద్ధితోని నువ్వు చెయ్యొచ్చునా అడుగు. రాయమంటె వాళ్లు రాయకపోతె, సంగతేందో నీకే తెలుస్తది. ఫైలు సారంగపాణి సార్‌కు చూపించుదాం, నేనొస్త నీతోని. నేను చెప్పేటియి నామీదికెల్లి పోయినయి, చట్టం నాకేం తెలుసు.

ఏందే అట్ల చూస్తానవ్? ఆ, రెండేండ్లు. ఇంకా ఒడువలేదు గదా, మరి నీకెట్ల అక్కా అంటానవ్.

తలుపు దగ్గరికి ఎయ్యి. ఎవ్వలకు చెప్పని ముచ్చట ఒకటున్నది.

మొన్న వకీలు సార్ నా ఫైలు మొత్తం సక్కగ చదివి, పిల్సి చెప్పిండు. "అమ్మా, అగ్రిమెంటు నడిసినన్ని రోజులు వాళ్ల పనే చెయ్యాలంటె అది వేరు. అయిపోయినంక గూడ నీ పని నువ్వు చేసుకోవద్దని కట్టేస్తె మన చట్టం ఒప్పుకోదు. ఆ ముక్క కోర్టుల నిలవడదు. వాళ్ల పేరు, వాళ్ల మందులు, వాళ్ల రహస్యాలు ముట్టకు. మిగిలింది నీ ఇష్టం. రేపే నీ పేరు మీద షాపు పెట్టుకోవచ్చు" అన్నడు.

ఎగిరి గంతేసిన. ఆటో ఎక్కి ఇటే వచ్చిన, ఫౌజియాకు చెప్పాల్నని.

లోపల క్రీములమ్మే సేల్స్ పిలగాడు ఉన్నడు. డబ్బలన్నీ పరిచిండు, మస్తు మాటలు చెప్తాండు. ఫౌజియా ఒక డబ్బ మూత తీసింది, వాసన చూసింది, ముంజేతికి రాసుకొని జరసేపు ఆగింది. "వద్దు భాయ్. మా కస్టమర్లకు ఇది పడది. తీసుకపో" అన్నది.

అంతే గని, యమునా, నా దిక్కు చూడలే.

ఇన్నేండ్లు నాతోని ఉన్నది ఆ పిల్ల. అవును అనాల్నన్నా, వద్దు అనాల్నన్నా, ముందుగాల నా మొఖం దిక్కు చూసేది. కస్టమర్ మంచినీళ్లడిగినా చూసేది. ఆ పొద్దు నేను గడపల నిలవడి ఉన్న, ఆమెకు కనవడుతాన, అయినా చూడలే. చూడలేదని ఆమెకు గూడ తెల్వది.

"ఏమన్నడక్కా వకీలు సార్?" అనడిగింది.

నోటి దాంక వచ్చింది. "జవాబు పోయిందంట, ఫికర్ చెయ్యొద్దన్నడు" అన్న.

చెప్పిననుకో, ఏమైతది? ఆ నిమిషమే తాళంచెవులు నా చేతిల పెడ్తది. "ఇగో అక్కా, నీది నువ్వు తీసుకో" అంటది. దారం తీసుకొని మూలకున్న కుర్చీ కాడికి పోతది. నాకు ఆమె గురించి తెల్వదా?

మా ఆయన ఇంట్ల అడుగుతాండు, "ఆ రెండేండ్లు ఎప్పుడు ఒడుస్తయే?" అని. ఒడుస్తయ్ తియ్ అంటాన.

మంచితనం అనుకునేవు! గట్లేం లేదు. నెల పడితె జీతం కవర్ల పెట్టి చేతికిస్తది, నేను లెక్కవెట్టకుంటనే సంచిల కుక్కుకుంట. మొన్న మా ఆడిబిడ్డ ఇంట్ల పెండ్లికి సెలవడిగిన. "సీజన్ గదక్కా, ఒక్కపూట పోయిరా" అన్నది! నాకు! ఆ పిల్లకు దారం పట్టుడు నేర్పిందే నేను! దారిపొడుగూత తిట్టుకుంట పోయిన. తిట్టుకుంటనే ఒక్కపూటకు తిరిగొచ్చిన.

చెప్పాల్నంటె ఇయ్యాల చెప్పొచ్చు. ఆమె కాజీపేట కెల్లి రాంగనే చెప్పొచ్చు. బుద్ధయితలేదు, ఏం జేస్త.

నువ్వు గూడ చెప్పకు. సొంత షాపు ఎన్నడైనా పెట్టుకోవచ్చు, వకీలే చెప్పె. ఇసొంటి ఓనర్ మల్ల దొరకొద్దా?